పాత బ్రిడ్జి వెడల్పు, ప్లాస్టిక్ విశ్లేషణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

రెండు లేన్ల పాత బ్రిడ్జి పక్కన కొత్త డెక్ (వాహనాలు నడిచే పై భాగం) కట్టి, రెంటినీ కలిపేయడం ఇప్పుడు ప్రతి హైవే ప్యాకేజీలోనూ ఉన్న పని. కొత్త భాగం డిజైన్‌లో పెద్ద చిక్కేమీ ఉండదు. పాత భాగం ఇప్పటి లోడ్లకు ఆగుతుందని చూపించడంలోనే పేచీ అంతా. ఈ నెల వచ్చిన ప్రశ్నలు దాదాపుగా అన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. ఎలాస్టిక్ విశ్లేషణ ఒక చోట స్టీల్ యీల్డ్ అయ్యే (శాశ్వతంగా సాగడం మొదలయ్యే) దగ్గరే ఆగుతుంది. ప్లాస్టిక్ విశ్లేషణ ఆ తర్వాత స్లాబ్ కూలే దాకా ఎంత మోస్తుందో లెక్కిస్తుంది.

ప్రశ్న: మా రోడ్డులో 6 మీటర్ల స్పాన్ సాలిడ్ స్లాబ్ ఉంది. మందం 500 మి.మీ., వెడల్పు 8.4 మీ. అడుగున 25 మి.మీ. నున్నటి మైల్డ్ స్టీల్ రాడ్లు 150 మి.మీ. దూరంలో, డిస్ట్రిబ్యూషన్ (అడ్డు) స్టీల్ 12 మి.మీ. రాడ్లు 200 మి.మీ. దూరంలో ఉన్నాయి. కోర్ టెస్టులో ఎం20 (బలం 20 న్యూ./చ.మి.మీ.) కాంక్రీట్ అని వచ్చింది. ఒక పక్క 4 మీ. కొత్త స్లాబ్ కలుపుతున్నాం. ఎలాస్టిక్ విశ్లేషణలో 70ఆర్ ట్రాక్ వాహనం (ఐఆర్‌సీ కోడ్‌లోని గొలుసు చక్రాల డిజైన్ వాహనం) పాత అంచు దగ్గర ఉన్నప్పుడు అక్కడి మొమెంట్ కెపాసిటీని (వంపును తట్టుకునే బలాన్ని) దాటుతోంది. యీల్డ్ లైన్ పద్ధతిలో (స్లాబ్ ఏ గీతల వెంట యీల్డ్ అయి కూలుతుందో గీసి లెక్కించే ప్లాస్టిక్ పద్ధతి) పాసవుతుందని మా సీనియర్ గారు అంటున్నారు. ఏది నమ్మాలి? – డిజైన్ ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: రెండూ నిజమే. ఎలాస్టిక్ లెక్క చెప్పేది స్లాబ్‌లో ఒక చోట స్టీల్ మొదటగా యీల్డ్ అవుతుందని. స్లాబ్ కూలిపోతుందని కాదు. మైల్డ్ స్టీల్ ఉన్న స్లాబ్‌లో ఆ చోటు యీల్డ్ అయ్యాక పక్క మీటరు భారం అందుకుంటుంది. ఎంత దూరం అందుకోగలదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మెయిన్ స్టీల్‌లో కాదు, డిస్ట్రిబ్యూషన్ స్టీల్‌లో ఉంది.

మీ అంకెలతోనే చూద్దాం. 20 మి.మీ. దాటిన మైల్డ్ స్టీల్‌కు యీల్డ్ 240 న్యూ./చ.మి.మీ. భద్రతా ఫ్యాక్టర్ తీసేశాక నిడివి దిశలో మొమెంట్ కెపాసిటీ మీటరు వెడల్పుకు 283 కి.న్యూ.మీ. అడ్డు దిశలో 12 మి.మీ. రాడ్ల వల్ల 52. స్లాబ్, వియరింగ్ కోట్ బరువులు (1.35, 1.75 ఫ్యాక్టర్లతో) మీటరు వెడల్పుకు 89 తినేస్తాయి. 70ఆర్ ట్రాక్ 700 కి.న్యూ. బరువును 4.57 మీటర్ల పొడవులో మోస్తుంది. 6 మీటర్ల స్పాన్‌కు ఇంపాక్ట్ 21.25 శాతం, లోడ్ ఫ్యాక్టర్ 1.5 కలిపితే మొత్తం లైవ్ లోడ్ మొమెంట్ 1,182 కి.న్యూ.మీ.

వాహనం కెర్బ్ నుంచి 1.2 మీ. వదిలి నిలబడాలి, దాని వెడల్పు 2.9 మీ. అంటే అంచు నుంచి 4.1 మీటర్ల పట్టీ వంగుతుంది. కెర్బ్ వెడల్పును లెక్కలోకి తీసుకోలేదు, అది మనకు అనుకూలమే. ఆ పట్టీ ఒక్కటే మోయాలంటే 4.1 × (283 − 89) = 795. చాలదు. కానీ పట్టీ పక్కన స్లాబ్ ఊరికే ఉండదు. వంగిన పట్టీకీ కదలని స్లాబ్‌కీ మధ్య ఒక వాలు భాగం ఏర్పడుతుంది. స్పాన్ మధ్యలో పట్టీ చివర నుంచి రెండు వాలు గీతలు సపోర్టుల వైపు వెళ్తాయి. వాటి అవతలి కొసల్ని కలుపుతూ స్లాబ్ పైన నిడివి దిశలో ఒక హాగింగ్ (పై ముఖం సాగే) గీత పడుతుంది. పట్టీ వెడల్పు ‘ప’, వాలు భాగం వెడల్పు ‘వ’, అడ్డు దిశలో అడుగు, పై మొమెంట్ల మొత్తం ‘అ’ అనుకుంటే, 6 మీటర్ల స్పాన్‌కు తేలే షరతు ఇది:

283 (ప + వ) + 9 అ ÷ వ, 1,182 + 89 (ప + 2వ/3) కన్నా తగ్గకూడదు.

ఇందులో 9 అంటే స్పాన్ వర్గంలో నాలుగో వంతు. వాలు వెడల్పు ఎంతో మనం నిర్ణయించేది కాదు, స్లాబ్ తనకు అతి తేలికైనదాన్ని ఎంచుకుంటుంది. అందుకే ‘వ’ను మారుస్తూ ఎడమ, కుడి పక్షాల తేడా అతి తక్కువయ్యే విలువ పట్టాలి. పైన అడ్డు స్టీల్ లేదనుకుని ‘అ’ను 52గా తీసుకుంటే వాలు వెడల్పు 1.45 మీ. వస్తుంది. లైవ్ లోడ్‌కు మిగిలే కెపాసిటీ 795 + 650 = 1,445. కావలసింది 1,182 కాబట్టి పాసయింది. కనీసం ఎంత అడ్డు మొమెంట్ ఉండాలో వెనక్కి లెక్కిస్తే 18.6. మీ దగ్గర దాదాపు మూడింతలుంది.

డెన్మార్క్‌కు చెందిన జోహాన్‌సెన్ 1943లో స్థిరపరచిన ఈ పద్ధతి అప్పర్ బౌండ్ పద్ధతి. మీరు గీసిన మెకానిజం (స్లాబ్ కూలే తీరు) తప్పయితే అసలు కూలే లోడ్ కన్నా ఎక్కువ చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపించదు. అందుకే మొమెంట్ కెపాసిటీలన్నీ 10 శాతం తగ్గించి మళ్లీ చూడండి. మీ స్లాబ్‌కు దాదాపు 1,250 వస్తుంది, ఇంకా పాసే. మూడు లేన్లయ్యాక 70ఆర్ పక్కన క్లాస్ ఏ (కోడ్‌లోని మరో డిజైన్ వాహనం) కూడా వస్తుంది, కాబట్టి రెండు వాహనాల్నీ కలుపుకున్న మెకానిజం, పూర్తి వెడల్పు మెకానిజం విడిగా చూడాలి. పూర్తి వెడల్పుకు డెడ్ లోడ్‌తో కలిపి కావలసింది సుమారు 2,860. కొత్త స్లాబ్‌నూ మీటరుకు 283కే డిజైన్ చేశారనుకున్నా 3,500 ఉంటుంది. పూర్తి వెడల్పు కన్నా చిన్న వెడల్పు మెకానిజమే చాలా సార్లు ముందు కూలుతుంది. పూర్తి వెడల్పు గీత ఒక్కటే గీసి రిపోర్టు మూసేసే వాళ్లుంటారు. ప్రూఫ్ చెకింగ్‌లో (వేరే ఇంజినీరు చేసే స్వతంత్ర తనిఖీలో) మొదట చూడాల్సింది అదే.

స్టిచ్ (పాత, కొత్త స్లాబులను కలుపుతూ చివర్న పోసే కాంక్రీట్ పట్టీ) సరిగ్గా పడితే మీ పాత అంచు అసలు అంచే కాదు. వాహనానికి రెండు వైపులా వాలు భాగం ఏర్పడుతుంది: 2.9 × 194 + 2 × 650 = 1,860. అయితే స్టిచ్ దాటే అడ్డు రాడ్లు కనీసం ఆ 52 మొమెంట్‌ను పూర్తి ల్యాప్‌తో (రెండు వైపుల రాడ్లు పక్కపక్కన కలిసి నడిచే పొడవుతో) అందించగలగాలి. లేకపోతే 1,445 దగ్గరే ఉండండి.

ఇక షియర్ (స్లాబ్‌ను అడ్డంగా కోసే బలం). యీల్డ్ లైన్ దాని ఊసెత్తదు. 4.1 మీటర్ల వెడల్పుకు లైవ్ లోడ్ షియర్ మీటరుకు 192 కి.న్యూ., డెడ్ లోడ్‌ది 59, మొత్తం 251. స్టిరప్పులు లేని ఈ స్లాబ్ కెపాసిటీ కాంక్రీట్ బ్రిడ్జిల కోడ్ ఐఆర్‌సీ:112 ప్రకారం 204. సపోర్ట్‌కు దగ్గరగా పడ్డ లోడ్‌కు కోడ్ ఇచ్చే తగ్గింపు వాడితే డిమాండ్ దాదాపు 217కి దిగుతుంది. ఇంకా దాటే ఉంది. పైగా పాత స్లాబుల్లో ఒక రాడ్ విడిచి ఒక రాడ్‌ను సపోర్ట్ దగ్గర పైకి వంచేవారు. అక్కడ అడుగున సగం స్టీలే ఉంటే కాంక్రీట్ వంతు 160 దగ్గరకు పడిపోతుంది. వంచిన రాడ్లు షియర్‌కు సాయపడతాయి గానీ, ఎన్ని, ఎక్కడ వంచారో తెలియకుండా లెక్క రాయలేం. కవర్ మీటర్‌తో సపోర్ట్ నుంచి ఒక మీటరు మేర స్కాన్ చేయించండి. మీ బ్రిడ్జి భవితవ్యం బెండింగ్‌లో లేదు, అక్కడుంది.

ప్రశ్న: పాత బ్రిడ్జిలో స్టీల్ ప్లాస్టిక్ విశ్లేషణకు పనికొస్తుందని ఎలా తేల్చాలి? – అసిస్టెంట్ ఇంజినీరు, ఖమ్మం

జవాబు: మొదట రాడ్ ఉపరితలం చూడండి. నున్నగా ఉంటే మైల్డ్ స్టీల్. మెలితిరిగిన గీతలుంటే కోల్డ్ ట్విస్టెడ్, మన సైట్లలో టార్ స్టీల్ అనేది. ఎగుడుదిగుడు పక్కటెముకలుండి మెలిక లేకపోతే టీఎంటీ. మైల్డ్ స్టీల్ ఐఎస్ 432 ప్రకారం 23 శాతం సాగాలి. కోల్డ్ ట్విస్టెడ్ ఎఫ్ఈ415కు ఐఎస్ 1786 అడిగేది 14.5 శాతమే. మెలితిప్పడంతో ఆ రాడ్‌లోని యీల్డ్ ప్లాటో పోతుంది. అయినా స్లాబ్‌కు చాలా సార్లు సరిపోతుంది. వైర్ మెష్ ఉంటే మాత్రం ప్లాస్టిక్ పద్ధతి మాట ఎత్తకండి.

కాగితం మీది అంకె చాలదు. తక్కువ ఒత్తిడి ఉన్న చోట, అంటే సపోర్ట్ దగ్గరో, కొట్టేయబోతున్న కెర్బ్ కింద అంచులోనో కనీసం మూడు ముక్కలు కోసి టెస్ట్ చేయించండి. తెగే దాకా మొత్తం సాగుడు ఒక్కటే కాకుండా గరిష్ఠ లోడ్ దగ్గర ఎంత సాగిందో కూడా రిపోర్టులో అడగండి. యూరోకోడ్ ప్లాస్టిక్ విశ్లేషణకు ‘బి’, ‘సి’ తరగతుల స్టీల్‌నే ఒప్పుకుంటుంది. ఆ సాగుడు బి తరగతికి 5 శాతం, సి తరగతికి 7.5 శాతం ఉండాలి. కోసిన చోట అతుక్కు వెల్డింగ్ చేయొద్దు. కోల్డ్ ట్విస్టెడ్ రాడ్‌ను వేడి చేస్తే మెలిక వల్ల వచ్చిన బలం పోతుంది.

రెండో షరతు న్యూట్రల్ యాక్సిస్ లోతు, అంటే నొక్కుడు పోయి సాగుడు మొదలయ్యే మట్టం దాకా ఉన్న లోతు. బిల్డింగులకు యూరోకోడ్ 2 ఆ లోతు ఎఫెక్టివ్ డెప్త్‌లో (నొక్కుడు ముఖం నుంచి స్టీల్ మధ్య దాకా లోతులో) 0.25 దాటొద్దంటుంది. బ్రిడ్జిల భాగంలో సి50/60 తరగతి కాంక్రీట్ దాకా అది 0.15. పాత వర్కింగ్ స్ట్రెస్ స్లాబుల్లో స్టీల్ దండిగా ఉంటుంది కాబట్టి చాలా వరకు ఇక్కడే చిక్కు వస్తుంది. పై ప్రశ్నలోని స్లాబ్‌నే తీసుకుంటే ఎం20తో 0.21. అదే కోర్లలో ఎం30 రుజువైతే 0.14. నాలుగు కోర్లు ఎక్కువ తీయించడం డిజైనర్‌కు ఇంత లాభసాటి అయ్యే సందర్భాలు తక్కువ. 0.15 దాటితే హింజ్ (యీల్డ్ అయి తిరిగే చోటు) ఎంత తిరగగలదో, మెకానిజం ఎంత తిరగమంటుందో విడిగా లెక్క చూపించాలి.

నున్నటి రాడ్లకు చివర కొక్కెం లేకపోతే యాంకరేజ్ (కాంక్రీట్‌లో రాడ్ కొస పట్టు) నమ్మొద్దు. ఇంకో మాట, ప్లాస్టిక్ పద్ధతిని బ్రిడ్జిల్లో అధికారిక అనుమతి ఉంటేనే, అదీ అల్టిమేట్ స్థితికి మాత్రమే వాడాలని యూరోకోడ్ చెబుతుంది. ఇక్కడా లెక్క మొదలుపెట్టక ముందే క్లయింట్ నుంచీ, ప్రూఫ్ చెకింగ్ ఇంజినీరు నుంచీ రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి. లెక్కంతా అయ్యాక వాదించడం దండగ.

ప్రశ్న: కొత్త పునాది కుంగినా, కొత్త కాంక్రీట్ కుంచించుకుపోయినా కూలే లోడ్ మారదని పుస్తకాల్లో ఉంది. మరి స్టిచ్‌ను నెలల తరబడి ఆపడం ఎందుకు? కాంట్రాక్టర్ రోజూ అడుగుతున్నాడు. – సైట్ ఇంజినీరు, కర్నూలు

జవాబు: పుస్తకం చెప్పింది నిజం. తగినంత తిరగగల స్లాబ్‌లో ముందు నుంచి ఇరుక్కున్న ఒత్తిళ్లు కూలే లోడ్‌ను మార్చవు. పాత డెక్ తన బరువు తానే మోసి ఆ తర్వాత కొత్తదానితో కలవడం, సెటిల్‌మెంట్ తేడా, కుంచింపు తేడా, ఇవేవీ మెకానిజం సమీకరణంలో కనిపించవు. వెడల్పు పనిలో ప్లాస్టిక్ విశ్లేషణ ఇచ్చే అతి పెద్ద వెసులుబాటు ఇదే.

కానీ పగులు సంగతి వేరు. పాత అంచు గర్డర్‌కూ కొత్త గర్డర్‌కూ మధ్య 3 మీ. ఉందనుకోండి, స్లాబ్ 200 మి.మీ. కొత్త వైపు 10 మి.మీ. కుంగితే కూలే స్థితి లెక్కలో అది 0.0033 రేడియన్ల తిరుగుడు, డక్టైల్ స్లాబ్ తట్టుకుంటుంది. అదే పగలని స్లాబ్‌కు ఎలాస్టిక్‌గా, రెండు చివర్లూ బిగించి ఉన్నాయనుకుని లెక్కేస్తే మీటరుకు 133 కి.న్యూ.మీ. ఎం20 స్లాబ్ పగిలే మొమెంట్ 15 కూడా లేదు. అంటే దాదాపు 1.1 మి.మీ. కుంగితే చాలు. గర్డర్లు కొంత మెలితిరుగుతాయి, క్రీప్ (కాంక్రీట్ కాలంతో పాటు నెమ్మదిగా లొంగడం) కొంత సడలిస్తుంది, కాబట్టి నిజంగా ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ, 10 మి.మీ. దాకా రాదు. ఆ పగులులోంచి దిగిన నీళ్లే స్టిచ్ రాడ్లను తినేస్తాయి.

అందుకే వరుస మార్చకండి. కొత్త డెక్ సెంట్రింగ్ తీసి, దాని బరువంతా పునాది మీద పడ్డాక, లెవెల్ రీడింగులు నిలకడకు వచ్చాక, చివరి పనిగా స్టిచ్ పోయాలి. ఒకటి నుంచి మూడు నెలలు ఆగడం మామూలే. రీడింగులు ఇంకా దిగుతుంటే మూడు నెలలైనా పోయొద్దు. స్టిచ్ వెడల్పు ల్యాప్ పొడవును బట్టి ఉండాలి. 600 మి.మీ. కన్నా తక్కువ పెడితే అందులో ల్యాప్ పట్టదు, రాడ్లను వంచి కుక్కుతారు.

పోసిన రోజు పాత డెక్ మీద ట్రాఫిక్ నడుస్తుంటే మరో సమస్య. పాత డెక్ ప్రతి లారీకీ దిగి లేస్తుంది, కొత్తది కదలదు. గట్టిపడుతున్న కాంక్రీట్‌లో రాడ్లు ఊగి చుట్టూ ఖాళీ చేసుకుంటాయి. తర్వాత బాండ్ (రాడ్‌కూ కాంక్రీట్‌కూ మధ్య పట్టు) ఉండదు. బాండ్ లేని రాడ్ మీద లెక్కించిన ఆ 52 మొమెంట్ కాగితం మీదే మిగులుతుంది. కాబట్టి వీలైతే రాత్రి ట్రాఫిక్ ఆపి పోయండి. వీలు కాకపోతే లారీలను దూరపు లేన్‌కు మళ్లించి వేగం తగ్గించండి. స్టిచ్‌కు అడ్డంగా తాత్కాలిక స్టీల్ బీములు బిగించి రెండు డెక్‌లనూ కలిపి కదిలేలా చేయండి. కనీసం మొదటి 24 గంటలు ఈ కట్టడి సడలించొద్దు.

ప్రశ్న: టీ-బీమ్ బ్రిడ్జి. పాత కాంటిలివర్ గర్డర్ మధ్య నుంచి 1.5 మీ. బయటికి ఉంది, మూలంలో 300 మి.మీ. మందం. పై స్టీల్ 12 మి.మీ. టార్ రాడ్లు 150 మి.మీ. దూరంలో. అడుగున ఏమీ లేదు. కొత్త గర్డర్ కలిపాక అది మధ్య ప్యానెల్ అవుతోంది, ఎలాస్టిక్ లెక్క అడుగున స్టీల్ అడుగుతోంది. కాంటిలివర్‌ను పగలగొట్టాల్సిందేనా? – కన్సల్టెంట్, విజయవాడ

జవాబు: చాలా సార్లు అక్కర్లేదు. ఇక్కడ యీల్డ్ లైన్ కన్నా లోయర్ బౌండ్ పద్ధతి మేలు. సమతౌల్యం పాటిస్తూ ఎక్కడా కెపాసిటీ దాటని మొమెంట్ పంపకం ఏదైనా ఒకటి దొరికితే చాలు, అది సురక్షితమే. స్వీడన్‌కు చెందిన హిల్లర్‌బోర్గ్ 1956లో చూపిన స్ట్రిప్ పద్ధతికి ఆధారం కూడా ఈ సూత్రమే. మీ ప్యానెల్ మధ్యలో మొమెంట్ సున్నా అనుకోండి. మధ్యలో చక్రం పడితే సగం భారం పాత కాంటిలివర్‌కు, సగం కొత్తదానికి షియర్‌గా వెళ్తుంది.

క్లాస్ ఏ పెద్ద యాక్సిల్ 114 కి.న్యూ., అంటే చక్రానికి 57. ఇంపాక్ట్ 50 శాతం, ఫ్యాక్టర్ 1.5తో 128. సగం 64. వెబ్ ముఖం నుంచి దూరం 1.35 మీ. ఎఫెక్టివ్ వెడల్పు 1.2 × 1.35 + 0.4 = 2.02 మీ., కానీ రెండో యాక్సిల్ 1.2 మీటర్లలోనే ఉంది కాబట్టి ఒక్కోదానికి దక్కేది 1.61 మీ. మొమెంట్ 53.7. స్లాబ్, వియరింగ్ కోట్‌కు 10.3 కలిపితే 64. ఎం20 అనుకుంటే మీ మూలం కెపాసిటీ 65. బొటాబొటీగా గట్టెక్కింది. కెర్బ్, రెయిలింగ్ తీసేశాకే ఈ లెక్క చెల్లుతుంది, వాటిని ఉంచి స్టిచ్ పోస్తే చెల్లదు. మీ స్లాబ్ కోర్ బలం, పై రాడ్ల అసలు కవర్ కొలవకుండా దీన్ని ఆమోదించలేం. పై రాడ్లు తొక్కుడుకు 15 మి.మీ. కిందికి దిగి ఉంటే కెపాసిటీ 61కి పడిపోతుంది.

కూలే స్థితికి అడుగు స్టీల్ అక్కర్లేదన్నాం గానీ, స్టిచ్ అడుగున పగులు అదుపుకు రాడ్లు తప్పవు. పాత ముఖంలో డ్రిల్ చేసి ఎపాక్సీతో నాటండి. రంధ్రాల్లో దుమ్మును బ్రష్‌తో, గాలితో తీయకపోతే ఎపాక్సీ దుమ్మును పట్టుకుంటుంది గానీ కాంక్రీట్‌ను కాదు. నాటిన వాటిలో కొన్నింటికి పుల్-అవుట్ టెస్ట్ చేయించండి.

ప్రశ్న: గర్డర్ల మధ్య డెక్ స్లాబ్ 200 మి.మీ., పైనా కిందా రెండు దిశల్లో 10 మి.మీ. ఎఫ్ఈ415 రాడ్లు 150 మి.మీ. దూరంలో. ఫ్యాన్ మెకానిజంలో (చక్రం చుట్టూ విసనకర్రలా విచ్చుకునే యీల్డ్ గీతలు) ఒక చక్రానికి చాలా పెద్ద కెపాసిటీ వస్తోంది. తప్పు చేశానా? – ఎం.టెక్. విద్యార్థి, వరంగల్

జవాబు: తప్పేమీ లేదు. అంచులకు దూరంగా ఉన్న చక్రానికి ఫ్యాన్ కెపాసిటీ, పైని రెండు రెట్లు చేసి పై, అడుగు మొమెంట్ల మొత్తంతో గుణిస్తే వస్తుంది. ఎం20తో ఒక్కో మొమెంట్ 28, కాబట్టి సుమారు 355 కి.న్యూ. వచ్చిన లోడ్ 128. కానీ అదే స్లాబ్‌కు 250 × 500 మి.మీ. చక్రం పాదం చుట్టూ పంచింగ్ కెపాసిటీ సుమారు 233. ఫ్యాన్ ఏర్పడేలోపే చక్రం స్లాబ్‌ను గుచ్చేస్తుంది. కాబట్టి మీ జవాబు 355 కాదు, 233. ఉచిత అంచు దగ్గర, స్టిచ్ ఇంకా పోయని దశలో పంచింగ్ చుట్టుకొలత ఇంకా తగ్గుతుంది. నిర్మాణ సమయంలో ట్రాఫిక్‌ను పాత అంచు దాకా రానిస్తే, అదే అసలు పరీక్ష.

ప్రశ్న: ప్రీస్ట్రెస్డ్ గర్డర్ల మధ్య మొమెంట్‌ను ఇలాగే పంచుకోవచ్చా? – అనంతపురం

జవాబు: వద్దు. తీగల తుప్పు, గ్రౌట్ ఖాళీలు బయటికి కనబడవు. న్యూట్రల్ యాక్సిస్ చాలా సార్లు లోతుగా ఉంటుంది, హింజ్ తిరిగే సత్తా తక్కువ. అక్కడ ఎలాస్టిక్ గ్రిలేజ్‌నే (డెక్‌ను బీముల గడుల చట్రంగా లెక్కించే పద్ధతినే) నమ్ముకోండి. పైన డెక్ స్లాబ్‌కు మాత్రం ప్లాస్టిక్ లెక్క వాడుకోవచ్చు.

ప్రశ్న: లోడ్ టెస్ట్ పాసయితే యీల్డ్ లైన్ లెక్క రుజువైనట్టేనా? – ప్రూఫ్ చెకింగ్ ఇంజినీరు

జవాబు: కాదు. ఐఆర్‌సీ:ఎస్పీ:51 టెస్ట్‌లో లోడ్ 24 గంటలు ఉంచి, తీశాక ఆర్‌సీసీలో 75 శాతం వంపు తిరిగి రావాలని చూస్తారు. స్లాబ్ మెకానిజం దరిదాపులకు కూడా వెళ్లదు. అయితే టెస్ట్ ఒక పనికొస్తుంది. స్టిచ్‌కు రెండు వైపులా, 300 మి.మీ. దూరంలో ఒక్కో డయల్ గేజ్ పెట్టించండి. కొత్త డెక్ మీద లోడ్ పెట్టినప్పుడు రెండు రీడింగులూ నునుపుగా కలిసిపోతే అడ్డు పంపకం పని చేస్తున్నట్టే. మధ్యలో మెట్టులా తేడా వస్తే స్టిచ్ రాడ్లకు బాండ్ లేదు. అలాంటప్పుడు స్టిచ్ పనిచేస్తుందనుకుని రాసిన లెక్కను పక్కన పెట్టి, పాత అంచును ఉచిత అంచుగానే మళ్లీ లెక్కించాలి.